అల్లాల్ నానమ్మ చెప్పని మాట

ఆ రోజు పొద్దున అల్లాల్ అనుకున్నది చాలా చిన్న పని. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే ఆలివ్ పిప్పి వేసి భట్టీ రాజేయాలి, వీధిలోని ఇళ్ళ నుంచి పలకల మీద వచ్చే పచ్చి రొట్టెలు వరసగా లోపలికి తోయాలి, భోజనాల వేళకు ఎవరి రొట్టెలు వారికి అప్పజెప్పి ఓ కునుకు తీయాలి. మొరాకోలోని క్సర్ కెబీర్‌లో ఆ సందు ఆడవాళ్ళు ఇంట్లో పిండి కలిపి, గుండ్రంగా తట్టి, పలక మీద పేర్చి, గుడ్డ కప్పి అతని భట్టీకి పంపడం ముప్పై ఏళ్ళుగా రివాజు. ఏ రొట్టె ఏ ఇంటిదో చూడగానే చెప్పేస్తాడు. దర్జీ భార్య రొట్టె అంచు ఎప్పుడూ వంకరే, ఆమె ఎవరితో మాట్లాడుతూ తట్టిందో కూడా అతనికి తెలుసు.

అరవై పలకలు రావలసిన చోట ఆ రోజు పదకొండు వచ్చాయి.

కారణం కోసం వెతకనక్కర్లేదు. సందు అవతలి చివర బూసెల్హామ్ భట్టీ ఉంది. దాని వెనక ఎప్పుడో కూలిన బురుజు గోడ ఒకటి మిగిలి ఉంది. వారం కిందట ఎర్రకాళ్ళ పెద్ద కొంగల జంట వచ్చి ఆ గోడ నెత్తిన గూడు మొదలుపెట్టింది. ఊళ్ళో ఎవరూ దాన్ని కొంగ అనరు, హాజీ అంటారు. తెల్లబట్ట కట్టుకుని ఏటా ఎటో వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చే జీవిని ఇంకేమంటారు? హాజీ వాలిన కప్పు కింద దేవుడి దీవెన, బర్కత్ ఉంటుందని, ఆయన గూటిలో పుల్ల కదిపినా పాపమని పిల్లలకు నడక కన్నా ముందే నేర్పుతారు. ఇక ఆయన నీడన కాలిన రొట్టె తినకుండా ఎవరుంటారు?

అల్లాల్ చెడ్డవాడు కాదు. పక్కవాడి మంచి చూడలేడు, అంతే. బూసెల్హామ్ కొడుక్కి తాంజా పట్నంలో ఉద్యోగం వచ్చినప్పుడు ఇతనికి మూడు రోజులు జ్వరం కాసింది. ఇప్పుడు భట్టీలో మంట తగ్గి కడుపులో మంట పెరిగింది. ఆ కొంగలు తన కప్పు మీదుగానే ఎగిరి, తన కప్పును కళ్ళారా చూసి మరీ ముందుకు వెళ్ళాయన్న సంగతి తలుచుకుంటే రొట్టె ముక్క గొంతు దిగేది కాదు.

మొదట మర్యాదగా ప్రయత్నించాడు. కప్పు మీద ఓ గుంజ పాతి, దాని నెత్తిన పాత బండి చక్రం బిగించి, పుల్లలు పరిచి, వాటి మీద చేప తలలు పెట్టాడు. సాయంత్రానికి ఊళ్ళో పిల్లులన్నీ వచ్చాయి. వచ్చినవి చేప తలలతో ఆగలేదు, పిండి గుడ్డల మీద పడుకున్నాయి, ఒకటి పిప్పి బస్తాలో ఈనింది. అతని భార్య తామూ చీపురు పట్టుకుని మెట్ల మీద నిలబడి చూసింది.

"ఏమయ్యా, నువ్వు పిలిచింది హాజీనా, పిల్లుల్నా?"

"వస్తాడు. చూస్తూ ఉండు."

"మొహం చూసి దిగుతారు ఆ పెద్దమనుషులు. ఏడుపు మొహాలున్న ఇంట దిగరు."

అల్లాల్ చేప తలలు ఊడ్చి పారేశాడు. కోపంలో గుంజను, చక్రాన్ని, పుల్లల్ని అలాగే వదిలేశాడు.

ఆ కప్పు మీద నిలబడి ఉండగానే అవతల కొంగల జంట ముక్కులు కొట్టుకోవడం వినిపించింది. ఒకటి మెడ వెనక్కి వాల్చి టకటకమని మొదలుపెడితే రెండోది అందుకుంటుంది. రోజుకు ఇరవై సార్లు అదే తంతు. అల్లాల్ చాలాసేపు విన్నాడు. వినేకొద్దీ మొహం తేటపడింది.

మర్నాడు లల్లా రహ్మా తన రొట్టెల కోసం వచ్చింది. ఆమె ఊరి స్నానశాల హమ్మామ్‌లో ఆడవాళ్ళకు ఒళ్ళు రుద్దుతుంది. ఊళ్ళో ఆమె చేతి కింద పడని వీపు లేదు, ఆమె చెవిన పడని కబురు లేదు. అల్లాల్ రొట్టెలు గుడ్డలో చుడుతూ నిట్టూర్చాడు. ఏమిటని ఆమె అడిగింది. చెప్పకూడదులే అన్నాడు. అంతటితో ఆమె అక్కడే ఉన్న బస్తా మీద కూర్చుంది.

"ఒకరి పొట్ట కొట్టడం నాకిష్టం లేదు లల్లా. కానీ మా సొంతూరు వజ్జాన్‌లో మా నానమ్మ చెబుతుండేది. హాజీ, వాళ్ళావిడ పొద్దస్తమానం అలా టకటకలాడతారే, అది ముచ్చట కాదట, పోట్లాటట. ఆ చప్పుడు కింద కాలే రొట్టెలో దిగుతుందట. అది తిన్న మొగుడూ పెళ్ళాలు ఆ రోజు కొట్టుకోక తప్పదట."

"అయ్యో. నేను ఒక్కరికీ చెప్పను."

ఆ మాట మీదే నిలబడింది. నలభై మందికి చెప్పింది.

పాపం, మనుషులు నమ్మరేమోనని అల్లాల్ భయపడ్డాడు. భయపడనక్కర్లేకపోయింది. ఆ మధ్యాహ్నమే దర్జీ ఇంట్లో టీ కెటిల్ గాల్లో ఎగిరింది. సున్నం వేసే అతను భార్యతో మాట్లాడటం మానేశాడు. బడి పంతులు ఇంట్లో ఉప్పు ఎక్కువైందని మొదలై పెళ్ళినాటి గొర్రె దాకా వెళ్ళింది. వెనక్కి తిరిగి చూసుకుంటే ప్రతి ఇంట్లోనూ బూసెల్హామ్ రొట్టెలే ఉన్నాయి. కాపురాలున్న ఊరు కాబట్టి ఆ మాట రోజూ నిజమవుతూనే వచ్చింది.

గురువారానికి మాటకు కొమ్మలు వచ్చాయి. మూడు సార్లు టకటకలాడితే మాటల పోట్లాట, ఏడు సార్లయితే పెళ్ళాం పుట్టింటికి పోవడం. ఎడమ చేత్తో ఉప్పు తిప్పి పడేస్తే సగం విరుగుడు. ఇవేవీ అల్లాల్ అనలేదు. అయినా డెబ్బై ఏళ్ళావిడ ఒకతె భట్టీ ముందు నిలబడి, ఇది తన ముత్తవ్వ కాలం నుంచి ఉన్నదేనని, ఈ కాలం పిల్లలకు ఏమీ తెలియదని అతనికే బోధించింది. అల్లాల్ వినయంగా తలూపాడు.

పలకలు తిరిగొచ్చాయి. ఇరవై, నలభై, అరవై మూడు. బూసెల్హామ్ మాత్రం ఖాళీ భట్టీ ముందు పీట వేసుకుని పుదీనా టీ తాగుతూ, అల్లాల్ కనబడితే సలాం చెప్పేవాడు. అది అల్లాల్‌కు నచ్చలేదు. ఓడినవాడు కనీసం కళ్ళు తుడుచుకోవాలి కదా అని అతని బాధ.

ఆ ఆనందం కూడా ఎంతోకాలం ఉండలేదు. ఓ రోజు పొద్దు వాలాక చేసే అసర్ నమాజు తర్వాత, ఎవరూ రొట్టెలు కాల్చని వేళ, బూసెల్హామ్ భట్టీ నుంచి పొగ లేచింది. మర్నాడూ లేచింది. అల్లాల్‌కు కునుకు పోయింది. మూడో రోజు వెళ్ళి బూసెల్హామ్ పెరటి గుమ్మం ఎదురుగా గాడిద చాటున నక్కాడు. వయసు మళ్ళిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు, పలకలు అందిస్తున్నారు, అటూ ఇటూ చూసి వెళ్తున్నారు. అందరూ అత్తగార్లే. కొడుక్కీ కోడలికీ మధ్య పడకపోవడం కోసం ఇంట్లో కోడలి కళ్ళుగప్పి పిండి కలిపి తెస్తున్నారు. ఏడు టకటకల రొట్టెకు ముందే చెప్పి ఉంచాలట.

అయిదో పలక మీద నీలం చారల గుడ్డ ఉంది. ఆ గుడ్డ అల్లాల్‌కు బాగా తెలుసు. రోజూ రాత్రి దాంతోనే మూతి తుడుచుకుంటాడు.

"యెమ్మా," అన్నాడు గాడిద చాటు నుంచి బయటికి వచ్చి.

అతని తల్లి ఫెత్తూమా బెదరలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, కొడుకును పైనుంచి కిందికి చూసింది.

"నడిచి నడిచి కాళ్ళు లాగుతున్నాయి. ఆ పలక పట్టుకో."

"నాకూ తామూకూ మధ్య పెడుతున్నావా? అందుకేనా వారం నుంచి అది నా మీద మండిపడుతోంది?"

"నువ్వు నీ పెళ్ళానికి కొత్త చెప్పులు కొన్నావు. నాకు కొన్నావా? దాని మాటే వేదం నీకు. నాలుగు రోజులు పోట్లాడుకుంటే నేను గుర్తొస్తాననుకున్నాను."

అల్లాల్‌కు ఒళ్ళు మండింది. అదంతా ఉత్త మాట అని చెప్పబోయి, నాలుక కరుచుకున్నాడు. చెబితే అరవై మూడు పలకలు పోతాయి. ఆమె గొంతు తగ్గించింది.

"అయినా తప్పు నాది కాదురా. ఇది మీ నానమ్మ చెప్పిన మాటే కదా? రహ్మా అంది. ఆవిడ నాకు అత్తగారు. ముప్పై ఏళ్ళు నాతో కలిసి వండింది, ఒక్కనాడూ ఈ సంగతి నా చెవిన వేయలేదు. వజ్జాన్‌లో మా భట్టీ పక్కన మసీదు మీద హాజీ గూడు ఉండేది. ఇప్పుడు తెలిసింది మీ నాన్నా నేనూ ఎందుకలా ఉండేవాళ్ళమో." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను చూసి ఏడ్చేది ఆవిడ. రొట్టెలు పెట్టి ఏడ్చింది."

చనిపోయి పాతికేళ్ళయిన నానమ్మ మీద పడ్డ ఈ నిందను ఎలా తుడవాలో అల్లాల్‌కు తెలియలేదు. పలక పట్టుకుని తల్లి వెనకే నడిచాడు.

ఇళ్ళలో రోజూ పగలూ రాత్రీ యుద్ధమే కావడంతో చివరకు మగవాళ్ళు పేట పెద్ద దగ్గరికి వెళ్ళారు. భట్టీ మారినా పోట్లాటలు ఆగలేదు కాబట్టి చప్పుడు సందంతా వ్యాపించిందని వాళ్ళు తేల్చారు. గూడు తీసేయమని ఎవరూ అనలేదు, అంత పాపానికి ఎవరూ సిద్ధంగా లేరు. పేట పెద్ద ఒక దారి చెప్పాడు. గూట్లో ఇంకా గుడ్లు లేవు. హాజీని ఎవరూ ముట్టుకోరు, కొట్టరు. గోడ కింద నిలబడి గౌరవంగా గిన్నెల మూతలు వాయిస్తూ, వేరే చోటికి దయచేయమని వేడుకుంటారు. అల్లాల్ అందరికన్నా పెద్ద మూత తెచ్చాడు.

శుక్రవారం నమాజు తర్వాత ఆ వినతి మొదలైంది. పావుగంట వాయించేసరికి మగ హాజీ రెక్కలు విప్పి లేచాడు, వెనకే ఆవిడా లేచింది. జనం మెడలు ఎత్తారు. అల్లాల్ ఆనందం పట్టలేక మూతను ఇంకా గట్టిగా వాయించాడు. కొంగలు మసీదు చుట్టూ ఒక తిరుగుడు తిరిగాయి, ఏటి వైపు వెళ్ళాయి, మనసు మార్చుకుని వెనక్కి వచ్చాయి. సందు మీదుగా కిందికి దిగుతూ, కాళ్ళు ముందుకు చాచి, అల్లాల్ కప్పు మీది బండి చక్రంలో నెమ్మదిగా వాలాయి. పుల్లలు ముందే పరిచి ఉండడం వాటికి బాగా నచ్చినట్టుంది. మగ హాజీ మెడ వెనక్కి వాల్చి టకటకమని మొదలుపెట్టాడు.

ఎవరో లెక్కపెట్టారు. ఏడు సార్లు.

ఆ సాయంత్రమే పలకలు సందు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాయి. అల్లాల్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"ఆగండి. అదంతా అబద్ధం. నేనే పుట్టించాను. మా నానమ్మ అలాంటి మాట ఎప్పుడూ అనలేదు."

తన కప్పు మీదికి వచ్చేసరికి అబద్ధమైపోయిందా అని దర్జీ అడిగాడు. లల్లా రహ్మా, తనతో చెప్పిన రోజు అతని కళ్ళలో నిజాయితీ తానే చూశానంది. డెబ్బై ఏళ్ళావిడ తన ముత్తవ్వ మాటను ఒక రొట్టెలవాడు పుట్టించాననడం ఏమిటని కర్ర ఎత్తింది. బూసెల్హామ్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"వదిలేయ్ సీ అల్లాల్. పోయిన పెద్దావిడ మాటను అబద్ధమనకు. మంచిది కాదు."

చివరి పలక తామూది. తలుపు దాటుతూ ఒక్క క్షణం ఆగింది.

"అబద్ధమని నాకు తెలుసు. కానీ పిచ్చిమాట నమ్మి పోట్లాడటం కన్నా, ఏ మాటా లేకుండానే పోట్లాడుకుంటున్నామని ఒప్పుకోవడం కష్టంగా ఉంది," అంది. పలక ఎత్తుకుని బూసెల్హామ్ భట్టీ వైపు వెళ్ళింది.

అల్లాల్ గూటిని తీసేయలేడు, అది పాపం. గుంజ తనదే, చక్రం తనదే, హాజీ మాత్రం అందరి వాడు. ఇప్పుడు అసర్ తర్వాత పెరటి గుమ్మం గుండా అత్తగార్లు అతని దగ్గరికే వస్తారు. అందరికన్నా ముందు ఫెత్తూమా వస్తుంది. వసంతం గడిచి పిల్ల కొంగలు మూడు పుట్టాయి, అవీ టకటకలు నేర్చుకున్నాయి. వీధి చివర బూసెల్హామ్ భట్టీ ముందు వరసలో నిలబడ్డ పలకలను చూస్తూ అల్లాల్ ఎండిపోయాడు.

వేసవిలో రబాత్ విశ్వవిద్యాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పక్షుల మీదా జంతువుల మీదా ఉన్న పాత నమ్మకాలు ఎక్కడ పుట్టాయో రాసుకుంటుందట. హాజీ రొట్టె సంగతి ఇంటింటా అడిగింది, అందరూ ముత్తాతల దాకా చెప్పారు. అల్లాల్ ఆమెను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పిల్లుల నుంచి బండి చక్రం దాకా మొత్తం కథ ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, పుస్తకంలో ఇలా రాసుకుంది: "నమ్మకం అతి ప్రాచీనం, మూలం తెలియదు. ఒక రొట్టెలాయన దీన్ని తానే పుట్టించానంటాడు; అది అసూయ అని వీధివాళ్ళు చెప్పారు."