రెండు వరుసల మధ్య జాగా

"నేరస్థుడు నేల మీదున్నా, నేల కిందున్నా ఈ ఒట్టొరీనో కళ్లు కప్పలేడు!"

ఆ ప్రకటన వినగానే నా కాఫీ బార్‌లో అందరూ కాఫీ కప్పుల్లోకి తలలు దించేసుకున్నారు. ఒట్టొరీనో ముప్పై ఏళ్లు పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఊళ్లో కుక్కలన్నీ తనను గుర్తుపడతాయి కాబట్టి తాను పుట్టు డిటెక్టివ్‌నని వాడి నమ్మకం. చిన్నప్పటి స్నేహితుణ్ణి కావడంతో సహాయకుడి ఉద్యోగం నాకు తగులుకుంది.

కేసు ఇదీ. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఇంకొక్క మ్యాచ్ ఓడితే కింది డివిజన్‌లోకి పడిపోతుంది. సొంత మైదానంలో వరసగా మూడు ఓడాం. రెండో సగంలో ఎప్పుడూ నీళ్ల ట్యాంకు వైపు గోలు మీద దాడి చెయ్యడం మావాళ్ల ఆనవాయితీ. ఆ మూడు మ్యాచ్‌ల్లోనూ మా పదో నంబరు ఫౌస్టో తన చోటికి నడిచి వెళ్లేసరికి, అవతలి డిఫెండర్లు ఇద్దరు అక్కడ ముందే కాపు కాసి ఉన్నారు.

"ఎవడో మన ప్లాన్ చేరవేస్తున్నాడు," అన్నాడు కోచ్. ఆయన్ని మేమంతా మిస్టర్ అంటాం.

"ముందు ఆ చోటేంటో చెప్పండి," ఒట్టొరీనో నోట్‌బుక్ తీశాడు.

మిస్టర్ నా కౌంటర్ మీద చక్కెర పొట్లాలు పేర్చాడు. "ఈ నాలుగూ వాళ్ల డిఫెండర్లు. ముందున్న నాలుగూ మిడ్‌ఫీల్డర్లు. రెండు వరుసల మధ్య జాగా కనబడుతోందా? అందులో తిరిగే ఈ ఒక్క పొట్లం ట్రెక్వార్తిస్తా, అంటే మన ఫౌస్టో. మైదానాన్ని నాలుగు ముక్కలు చేస్తే, మూడు దాటాక ఉంటాడు. పూర్తిగా స్ట్రైకరూ కాదు, మిడ్‌ఫీల్డరూ కాదు."

"అంటే ఏ పనీ చెయ్యడన్నమాట."

"ఎందుకు చెయ్యడయ్యా! అంచుకీ నడిమికీ మధ్య ఇదిగో, ఈ సందు. దీన్ని సగం జాగా అంటాం. అక్కడికొచ్చినవాణ్ణి ఎవరు పట్టుకోవాలో డిఫెండర్లకే తెలీదు. ఫౌస్టో అటు జరిగితే గోలే. ఎంత మొత్తుకున్నా జరగడు, నడిమిలోనే పాతేసినట్టు నిలబడతాడు. జీనియస్ కదా, ఏదో ఆలోచన ఉండే ఉంటుంది."

"మరి తొమ్మిదో నంబరు?"

"వాడు ఉత్తుత్తి తొమ్మిది. స్ట్రైకర్ చొక్కా వేసుకుని వెనక్కి దిగిపోతాడు, డిఫెండర్లు వెంటబడి రావాలని."

"మారువేషం!" ఒట్టొరీనో రాసుకున్నాడు. "వీడూ అనుమానితుడే."

సాయంత్రానికి నా బార్‌లోనే దొంగ దొరికిపోయాడు. బట్టల గది చూసుకునే ముసలి డెల్ఫో జేబులోంచి ఒట్టొరీనో తొమ్మిది చక్కెర పొట్లాలు బయటికి లాగాడు.

"కాఫీలోకి తీసుకున్నాను నాయనా," అన్నాడు డెల్ఫో.

"అబద్ధం! ప్లానంతా జేబులో వేసుకుని ఊరు దాటిస్తున్నావు!"

మిస్టర్ మొహం ఎర్రబడింది. "ఆదివారం ఓడితే గది తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపో డెల్ఫో."

డెల్ఫో నలభై ఏళ్లుగా మా జట్టు చొక్కాలు ఉతుకుతున్నాడు. ఆదివారం దాకా ఆగకుండా అప్పుడే తాళాలు తీసి బల్ల మీద పెట్టేశాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఎప్పటిలాగే ఆదివారం నాలుగింటికి మ్యాచ్. సొంత మీసం మీద పెట్టుడు మీసం అతికించుకుని వచ్చాడు ఒట్టొరీనో. వస్తూనే ఒక గదిలో నల్లబట్టల మనిషి మా ఆటగాళ్ల నంబర్లు రాసుకోవడం చూశాడు. తలుపు లాగి తాళం వేసి, "గూఢచారిని పట్టేశాను!" అని అరుస్తూ పరిగెత్తాడు. పరుగులో తాళంచెవి కాలవలో పడింది.

లోపలున్నది రిఫరీ. తాళాలు తీసేవాడు పక్కూళ్లో అత్తగారింటి ఆదివారం విందులో ఉన్నాడు. మూడో వంటకం పూర్తిచేసి గానీ లేవనన్నాడు. మ్యాచ్ సరిగ్గా గంట ఆలస్యమైంది.

రెండో సగం మొదలయ్యేటప్పటికి ఎవరికీ గోలు లేదు. అవతలి డిఫెండర్లు ఇద్దరూ పాత చోటే కాపలా కాస్తూ ఎండలో చెమటలు కక్కుతున్నారు. ఫౌస్టో అటు ఒకసారి చూసి, పక్కనున్న సందులోకి తీరిగ్గా నడిచివెళ్లి నిలబడ్డాడు. బంతి వచ్చింది. చుట్టూ ఒక్కడు లేడు. గోల్! ఆ ఒక్క గోలుతోనే గెలిచాం.

"సగం జాగా! నా మాట విన్నాడు!" మిస్టర్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నేను మాత్రం నేల వైపు చూస్తున్నాను. నీళ్ల ట్యాంకు నీడ సరిగ్గా ఆ సందులో పడింది. మ్యాచ్ అవగానే ఫౌస్టోని రెక్క పట్టుకుని మిస్టర్ ముందుకు లాక్కొచ్చాను.

"ఇవాళ అక్కడెందుకు నిలబడ్డావో చెప్పు."

"ఎండ మండిపోతోంది కదా మిస్టర్. రోజూ నీడ నడిమిలో పడుతుంది, ఇవాళ గంట లేటు కదా, పక్కకి జరిగింది."

ప్లాన్ ఎవడూ చేరవెయ్యలేదు. ఒక్కసారి వచ్చి చూసినవాడికెవడికైనా ఫౌస్టో ఎక్కడుంటాడో తెలిసిపోతుంది. మిస్టర్ అందర్నీ వెంటబెట్టుకుని తిన్నగా నా బార్‌కి వచ్చాడు. తర్వాత బల్ల మీది తాళాలు తీసి డెల్ఫో చేతిలో పెట్టాడు.

"నేను ముందే చెప్పాను, నీడని అనుమానించమని," అన్నాడు ఒట్టొరీనో, ఊడిన మీసం సర్దుకుంటూ.

డెల్ఫో తాళాలు నడుముకి తగిలించుకున్నాడు. "నలభై ఏళ్లుగా ఆ మైదానం పక్కనే చొక్కాలు ఆరేస్తున్నాను. ఏ వేళకి నీడ ఎక్కడుంటుందో నన్ను ఒక్కరూ అడగలేదు."

ఆ మాట అని, మా డిటెక్టివ్ కళ్లలోకి చూస్తూ, కౌంటర్ మీంచి తొమ్మిది చక్కెర పొట్లాలు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు.