చిరచిరకు ఒక పూట పస్తు

ఉదయం టీ తాగుతూ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఐదు గంటల నుంచి గుర్రానికి మేత పెట్టకూడదు. మర్నాడు తొమ్మిదింటికి పశువుల డాక్టరు వచ్చి, దాని కడుపులోకి కెమెరా గొట్టం వేసి చూస్తాడు. ఆ డాక్టరు ఇల్లాలికి తమ్ముడే. గుర్రం ఆమె భర్తది. ఆయన స్వారీ నేర్పే మాస్టారు.

ఆ ఆడగుర్రానికి ఇంట్లో చిరచిర అని పేరు పడిపోయింది. మూడు నెలలుగా జీను పట్టీ బిగించబోతే చాలు, మెడ తిప్పి కరవబోయేది. దాణా సగంలో వదిలేసి పళ్లు కొరుకుతూ నిలబడేది. అదంతా పొగరేనని మాస్టారు తేల్చేసి, మర్నాడు పదకొండింటికి వచ్చి తోలుకుపొమ్మని ఒకాయనకు కబురు కూడా పెట్టారు. ఇల్లాలు మాత్రం అది కడుపునొప్పి అంది.

"గుర్రం వచ్చి నీతో చెప్పిందా?"

"మీకు తలనొప్పి వస్తే మీరు మాత్రం చెప్తారా? తలుపులు వేసే చప్పుడు విని నేనే తెలుసుకోవాలి."

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. కడుపులో పుండు కనిపిస్తే చిరచిర ఉంటుంది, లేకపోతే వెళ్లిపోతుంది. కొనే ఆయనకీ అదే చెప్పారు.

తమ్ముడు ఫోనులో చెప్పినవన్నీ ఇల్లాలు పొల్లుపోకుండా చేసింది. ఆకలికి అది కింద పరిచిన గడ్డి కూడా తినేస్తుందట, అందుకని ఊడ్చి తీసేసింది. మూతికి చిక్కం కట్టి, పట్టీని మూడో కన్నంలో బిగించింది. తెల్లవారుజామున నీళ్ల తొట్టి తీసేసే పని మాస్టారు తన మీద వేసుకున్నారు.

చిక్కు రాత్రి భోజనాల దగ్గర వచ్చింది. గుర్రపు కొట్టానికీ వంటింటికీ గోడ ఒకటే. ఇటు గిన్నె మోగితే అటు తన బకెట్టు వస్తుందని చిరచిరకు అలవాటు. ఇల్లాలు అన్నం గిన్నె మూత తీసింది. అవతల తలుపు మీద తాపు పడింది. కంచాలు వేసింది. తలుపు చెక్క ఒకటి పగిలింది.

"ఆపవే! తలుపు ఊడొచ్చేలా ఉంది!" మాస్టారు అరిచారు.

"మూత తియ్యకుండా అన్నం ఎలా వస్తుందిరా?" అన్నారు అత్తగారు.

"ఒక్క పూట తినకపోతే ఏం పోయింది? గుర్రం ఉండట్లా?"

వంటింటి తలుపు మూసేశారు. అత్తగారు మెల్లగా బిస్కెట్ల డబ్బా అందుకున్నారు. ఆ చప్పుడు చిరచిరకు అన్నిటికంటే బాగా తెలుసు. రెండో చెక్క కూడా పోయింది. డబ్బా మళ్లీ అలమరలోకి వెళ్లింది.

పొద్దున తొమ్మిదింటికి తమ్ముడు వచ్చాడు. అక్క టిఫిను పెడుతుందని తనూ ఏమీ తినకుండా బయల్దేరాడు. సంగతి తెలిసి ఒక గ్లాసు నీళ్లు తాగి పనిలోకి దిగాడు. మత్తు సూది పడగానే చిరచిర తల వాల్చేసింది. వేలంత లావు, మూడు మీటర్ల పొడవు ఉన్న గొట్టం ముక్కులోంచి మెల్లగా లోపలికి జారింది. ఆకలి మరిచి అందరూ తెర చుట్టూ మూగారు. తడితడిగా మెరిసే గులాబీరంగు సొరంగం. అది మలుపు తిరిగింది, వెడల్పయింది. ఆ తర్వాత అంతా పచ్చటి ముద్ద.

"అక్కా, కడుపు నిండా గడ్డే. గోడలు కనపడితేగా పుండు కనపడేది! ఈ ఇంట్లో నిన్నటి నుంచి భోంచేసింది ఇదొక్కతే."

అందరూ అత్తగారి వైపు చూశారు.

"నన్ను చూస్తారేంట్రా? గడ్డి దొరుకుతుందని తెలిస్తే నేనే తినేదాన్ని!"

ఇల్లాలు పక్కన విప్పి పెట్టిన చిక్కం చేతిలోకి తీసుకుంది. పట్టీ మీద నొక్కు నాలుగో కన్నం దగ్గర ఉంది. ఏ పట్టీ అయినా ఒక కన్నం వదులుగా పెట్టే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే.

"ఏమండీ?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "తొట్టి తీద్దామని ఐదింటికి వెళ్లాను. నాకు కడుపులో ఒకటే మంట. చూస్తే అదీ గోడకి తల ఆనించి నిలబడుంది, అచ్చం నాలాగే. అది పొగరులా లేదు మరి."

"ఎంత పెట్టారు బావా?"

"కొంచెమే. ఒక మోపు."

ఆ మాట మీదే కొనేవాడు వచ్చాడు. "ఏమండీ మాస్టారూ, పుండుందా, లేదా?"

ఒప్పందం ప్రకారం పుండు కనిపించలేదు. ఇల్లాలు భర్త వైపు చూసింది.

"ఉంది. అమ్మట్లేదు," అన్నారు మాస్టారు.

"చూశారా?" అన్నాడు కొనేవాడు.

"చూడలేదు. ఆ మంట నేనూ పడ్డాను."

రెండు రోజుల తర్వాత తమ్ముడి ఆస్పత్రిలో ఉంచి మళ్లీ చూస్తే, కడుపు పైభాగంలో నాలుగు పుళ్లు ఎర్రగా కనిపించాయి.

"గుర్రం తిన్నా తినకపోయినా కడుపులో యాసిడ్ ఊరుతూనే ఉంటుంది బావా," అన్నాడు తమ్ముడు. "గడ్డి నములుతుంటే లాలాజలం దిగి దాని ఘాటు తగ్గిస్తుంది. మీరు పొద్దునా రాత్రీ బకెట్టెడు దాణా పోసి, మిగతా రోజంతా ఖాళీ కడుపుతో నిలబెట్టారు."

రోజూ పరగడుపున యాసిడ్ తగ్గించే మందు నోట్లో పెట్టాలి. దాణా సగం చేసి, ముందర ఎప్పుడూ గడ్డి ఉంచాలి. పుళ్లు మానాయో లేదో నెల తర్వాత మళ్లీ గొట్టం వేసి చూస్తానని తమ్ముడు తేదీ రాసిచ్చాడు. ఈసారి పస్తు ఆస్పత్రిలోనేనని ఎంత చెప్పినా వినకుండా, అత్తగారు ఆ తేదీకి కూతురింటికి ప్రయాణం పెట్టుకున్నారు.