వందకి పది శాతం లూజు

పొద్దున్నే కొత్త కోటు వేసుకుని, పదింటికి మేనేజరు ముందు తన పార్సరు గొప్పతనం చెప్పి, పన్నెండింటికల్లా మేధావి అనిపించుకోవాలన్నది మన ప్రోగ్రామరు పథకం. పార్సరంటే టైపు చేసిన లెక్కని చదివి అర్థం చేసుకునే ప్రోగ్రాము. మేనేజరు ఒప్పుకుంటే కంపెనీ క్యాలిక్యులేటర్లో అదే పెడతారు. లేకపోతే ఎనిమిది నెలల చాకిరీ బుట్టదాఖలు. ఈ ప్రోగ్రామరు పేరు చెప్పను. నాకు బాగా దగ్గరివాడు, మేమిద్దరం ఒకే కోటు వేసుకుంటాం.

ఆ కోటు కుట్టింది అతని భార్యే, ఆవిడ టైలరు. పోయిన వారం ఛాతీ కొలత వంద సెంటీమీటర్లకి పది శాతం లూజు కలుపుదామని, ఆ పార్సరులోనే 100 + 10% అని నొక్కింది. నూటపది రావాల్సింది, 100.1 వచ్చింది.

"ఏవండీ, ఇదేదో తప్పు చెప్తోంది."

"శాతమంటే నూరో వంతు. పది శాతమంటే సున్నా పాయింట్ ఒకటి. అది వందకి కలిపితే ఎంత? లెక్క లెక్కే!"

"లెక్కకి ఊపిరాడక్కర్లేదండీ. మీకు ఆడాలి."

"నువ్వు కుట్టు, చాలు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆవిడ ఆ 100.1 కొలతకే కుట్టేసింది.

మీటింగు రోజు పొద్దున గుండీలు పెట్టాక అతనికి సగం ఊపిరే అందింది. మీటింగులో మాటకీ మాటకీ మధ్య ఆగుతుంటే, భయపడుతున్నాడనుకుని తోటి ఉద్యోగి మంచినీళ్ళు తెచ్చాడు. తాగడానికి చెయ్యి లేవలేదు. వద్దంటే, పాపం ఒంట్లో బాగాలేదనుకుని ఇంకొకడు కిటికీలన్నీ తెరిచాడు. మేనేజరుకి మాత్రం వేరే అనుమానం వచ్చింది.

"ప్రోగ్రాములో తప్పేమైనా దాస్తున్నారా?"

"తప్పా? నా... పార్సర్లోనా? చూడండి... వంద ప్లస్ పది శాతం..."

రోషంతో బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తాడు. వీపు మీది కుట్టు నడుము దాకా పర్రున విడిపోయింది.

ఆ పూటకి మొదటిసారి నిండుగా ఊపిరందింది. సిగ్గుతో చచ్చిపోతూనే, ఆ ఊపిరితో జరిగిందంతా చెప్పేశాడు. మేనేజరు నవ్వాపుకుని, టైలరుకి ఫోను చేయించి స్పీకర్లో పెట్టించాడు.

"అమ్మా, కొలత తప్పని మీకు తెలుసు కదా, ఎలా కుట్టారు?"

"నా మాట వినలేదు సార్, కోటు మాటైనా వింటారని. లోపల పది సెంటీమీటర్ల గుడ్డ మడిచే ఉంచాను. సాయంత్రం విప్పి సరిచేస్తాను."

పార్సరు గట్టెక్కింది, ఒక్క సవరణతో: కూడికలో, తీసివేతలో శాతమంటే ముందున్న సంఖ్యలో శాతం. గుణకారంలో మాత్రం అతని నూరో వంతే నిలిచింది. ఆ విజయం గురించి ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.