గుమాస్తాగారి పాస్‌పోర్టు, బావమరిది పరిశోధన

“ఎవరూ కదలొద్దు! ఈ భూమ్మీద దొంగ అనేవాడు ఒక్కడు మిగిలినా నాకు సెలవు లేదు,” అని గుమ్మంలో నిలబడి ప్రకటించాడు బావమరిది. ఉద్యోగమే లేనివాడికి సెలవెక్కడిదని జేబులు తడుముకుంటూ గొణుక్కున్నాడు గుమాస్తా. అప్పటికే మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నాలుగింటికి టాక్సీ వస్తుంది. పాస్‌పోర్టు చూస్తే కనబడటం లేదు.

గుమాస్తా పద్దెనిమిదేళ్లుగా ట్రావెల్ ఆఫీసులో కూర్చుని జనాన్ని సముద్రం నడుమ ఉన్న ఓ దీవుల దేశానికి పంపిస్తున్నాడు. ఏ నెలలో వానలో, ఏ ఒడ్డున అలలు కాళ్లు లాగేస్తాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తాను మాత్రం సముద్రాన్ని క్యాలెండర్లో తప్ప చూడలేదు. ఇన్నాళ్లకు భార్యతో కలిసి బయల్దేరుతున్నాడు. ఈ విమానం తప్పితే మళ్లీ సెలవు దొరకదు, దొరికినా ధైర్యం రాదు. భార్య పాస్‌పోర్టు ఆవిడ హ్యాండ్‌బ్యాగులో భద్రంగా ఉంది. మాయమైంది ఆయనదే.

“కాపీలు తీయడానికి గురువారం ఆఫీసుకు తీసుకెళ్లాను. చొక్కా జేబులో పెట్టుకుని వెనక్కి తెచ్చాను. నాకు బాగా గుర్తు,” అన్నాడు జేబులన్నీ నాలుగోసారి తిరగేస్తూ.

బావమరిది పెట్టె మీదున్న కాగితం తీసి, భూతద్దం పెట్టి చదివి, నిలువునా వణికాడు.

“బావా! ఇది అంతర్జాతీయ ముఠా పని! విను. ‘సాయంత్రం కాగానే చేతులూ కాళ్లూ నిండుగా కప్పుకోండి.’ ఎందుకంటావ్? వేలిముద్రలు పడకుండా!”

“దోమలు కుట్టకుండా.”

“‘పగడపు దిబ్బలను తాకవద్దు, గవ్వలు సంచిలో వేసుకోవద్దు.’ పగడాలు బావా! దొంగసరుకు!”

“ఏరుకొస్తే అక్కడ జరిమానా వేస్తార్రా.”

“‘కొబ్బరిచెట్టు కింద కూర్చోవద్దు.’ పైనుంచి దాడి!”

“కాయ పడుతుందిరా నాయనా! వెళ్లేవాళ్లకి ఇచ్చే జాగ్రత్తలవి. రాసింది నేనే.”

బావమరిది భూతద్దం దించి జాలిగా చూశాడు. “నువ్వు రాశావని నువ్వనుకుంటున్నావ్ బావా. చెయ్యి నీది, బుర్ర వాళ్లది.”

“మరి నీ బుర్ర ఎవరి దగ్గర తాకట్టు పెట్టావురా తమ్ముడూ?” అంది అక్క, పెట్టెలో బట్టలన్నీ మళ్లీ బయటికి లాగుతూ. ఆవిడకు ఏడుపు ఒక్కటే తక్కువ.

కాగితం అడుగున ఆఫీసు ముద్ర ఉంది. “స్థావరం దొరికింది!” అని అరిచి బావమరిది వీధినపడ్డాడు. పీడా పోయిందనుకుని మొగుడూ పెళ్లాలు ఇల్లంతా మళ్లీ వెతికారు. బియ్యం డబ్బా కూడా వదల్లేదు.

రెండున్నరకు ఆఫీసు యజమానురాలు ఫోన్ చేసింది. “మీ బావమరిదట, ఇక్కడ బల్ల కింద దూరాడండీ. టికెట్టు కోసం వచ్చిన నల్లకళ్లద్దాల పెద్దమనిషిని ముఠా నాయకుడని పట్టుకున్నాడు. పాపం, ఆయన మొన్ననే కంటి ఆపరేషన్ చేయించుకున్నారు. ముందొచ్చి ఇతన్ని తీసుకెళ్లండి.”

ఇద్దరూ పరుగెత్తారు. వాళ్లు వెళ్లేసరికి బావమరిది బల్ల కింది నుంచి బయటికొచ్చి, పెద్దమనిషి చెయ్యి వదలకుండా ఉపన్యాసం ఇస్తున్నాడు. “నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా...” అంటూ గుమ్మంలో అక్క ముఖం చూశాడు. చిన్నప్పటినుంచీ ఎరిగిన ముఖం. నాలుగడుగులు వెనక్కి వేసి ఇనప బీరువాకు ధడాలున కొట్టుకున్నాడు. బీరువా మీది బుట్ట బోర్లాపడి, అందులోని కవర్లన్నీ అతని నెత్తిన కురిశాయి.

ఒక కవరు జారి యజమానురాలి కాళ్ల దగ్గర ఆగింది. దానిమీద గుమాస్తా పేరు, గుమాస్తా చేతిరాతలోనే. కింద ఎర్రసిరాతో ‘ప్రయాణికుడు స్వయంగా వచ్చి తీసుకోవలెను’ అని ఉంది.

పద్దెనిమిదేళ్ల అలవాటు. పాస్‌పోర్టు చేతికొస్తే గడువు చూడటం, కవర్లో పెట్టడం, పేరు రాయడం, బుట్టలో వెయ్యడం. గురువారం కూడా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. జేబులో ఇంటికొచ్చినవి ఉత్త కాపీలు.

“లోపలివాళ్ల పనేనని నాకు ముందే తెలుసు!” నెత్తి తడుముకుంటూనే వేలు చూపించాడు బావమరిది. “దొంగ దొరికాడు. నువ్వే బావా!”

గుమాస్తా సిగ్గుతో చచ్చిపోయాడు. యజమానురాలు మాత్రం నవ్వకుండా రిజిస్టరు తెరిచింది. “సంతకం పెట్టి తీసుకోండి.” అతను అలవాటుగా కౌంటరు చుట్టూ తిరిగి తన కుర్చీ వైపు నడిచాడు. “అటు కాదండీ,” అందావిడ మెల్లగా. “ప్రయాణికులు ఇటువైపు కూర్చోవాలి.”

గుమాస్తా ఇటువైపు కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. సంతకం గీత దాటిపోయింది. సంతోషం పట్టలేక, ఎదుటివాళ్లు అడిగినప్పుడల్లా తాను లోపల్లోపల నవ్వుకున్న ప్రశ్న తనే అడిగేశాడు.

“మేడం... అక్కడ సముద్రం బాగా లోతుగా ఉంటుందంటారా?”

“మోకాళ్ల దాకా దిగండి, చాలు,” అందావిడ.

మూడుంబావు అయింది. బావమరిది అప్పుడే భూతద్దం పెట్టి గోడమీది గడియారాన్ని అనుమానంగా చూస్తున్నాడు. భార్య మొగుడి చెయ్యి పట్టి లేవదీసింది.

“పదండి, పదండి. మా తమ్ముడు ఇంకో కేసు పట్టుకునేలోగా మనం దేశం దాటేద్దాం.”