తిప్పకుప్పంలో కథ పనిచేసిన కేసు

భూమండలాన్ని కాపాడే బాధ్యతను నాలుగో తరగతి పిల్లలకు అప్పగించేశారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లం మాత్రం ఆనాటి నుంచి నిశ్చింతగా నిద్రపోతున్నాం. అంతకుముందు ఆ బాధ్యత ఏయే ఆఫీసుల్లో ఎన్నేళ్లు కునుకు తీసిందన్నది ఇప్పుడు అప్రస్తుతం. పిల్లల చేత మంచి కథలు చదివిస్తే వాళ్లలో ప్రేరణ పుడుతుందని, ఆ ప్రేరణతోనే పెరిగి పెద్దవాళ్లై చెరువుల్నీ పక్షుల్నీ వాళ్లే చూసుకుంటారని, అప్పటికి మనమెవరమూ ఉద్యోగంలో ఉండమని పెద్దలు ఆలోచించారు. ఎంత ముందుచూపో చూడండి.

ఇవన్నీ నీకెలా తెలుసయ్యా అంటారేమో. సూళ్లూరుపేటలో మండలాఫీసుకు ఎదురుగా ఉన్న జిరాక్స్ అంగడి నాది. పేరు గుణశేఖర్. టైపింగు కూడా చేస్తాను. రహస్యమని పైన రాసిన ప్రతి కాగితమూ మూడు కాపీల కోసం నా దగ్గరికే వస్తుంది. (రహస్యం కానివాటికి ఒక కాపీ చాలు.)

పథకం పేరు బాల పఠన పర్యావరణ ప్రేరణ పథకం. ప్రతి శనివారం బడిలో ఒక కథ చదివించాలి. చదివే పిల్లల వెనుక పచ్చదనం కనబడేలా ఫోటో తీసి ఇరవై నిమిషాల్లో యాప్‌లో ఎక్కించాలి. పులికాట్ సరస్సు ఒడ్డు ఊళ్లలో ఉప్పునేల తప్ప పచ్చదనం కనబడదని టీచర్లు మొరపెట్టుకుంటే, పచ్చగుడ్డ కట్టినా చెల్లుతుందని వివరణ వచ్చింది. (గుడ్డ మా అంగట్లో బాడుగకు దొరుకుతుంది.) ఫోటో అయ్యాక ప్రేరణ నమోదు పత్రం. కథకు ముందు ఒక్కో బిడ్డ ప్రేరణ ఎంత శాతం, కథ తర్వాత ఎంత శాతం, తేడా ఎంత. తేడా పదికి తగ్గితే టీచరుకు మెమో. పదిహేను దాటితే ఎందుకు దాటిందో టీచరు రాతపూర్వకంగా తెలపాలి. ఈ రెండో నిబంధన ఎందుకో నాకు మొదట్లో అర్థం కాలేదు. ఎవరో అనుభవజ్ఞులు పెట్టి ఉంటారని సరిపెట్టుకున్నాను.

తిప్పకుప్పం పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. బడిలో పదకొండు మంది పిల్లలు, ఒక టీచరు. టీచరు పేరు గ్రేసీ. రోజూ సూళ్లూరుపేట నుంచి స్కూటీ మీద పోయివస్తుంది. ఆమె మీద ఎవరికీ ఫిర్యాదు లేదు గానీ ఒక లోపం ఉంది. కథను నిజంగా చెబుతుంది. కథలో పక్షి ఏడిస్తే ఆమె గొంతు కూడా జీరపోతుందని పిల్లలు నాతో చెప్పారు. పథకంలో దీనికి ఎక్కడా అనుమతి లేదు.

ఆ నెల వచ్చిన కథ గూడబాతు కన్నీళ్లు. నాలుగు రంగుల్లో అచ్చు వేశారు. ఏడుగురు అధికారులు చదివి ఆమోదించారు. (ఏడుగురు సంతకం చేశారు అనడం మరింత సరైన మాట.) మొదటి పేజీలో జిల్లా ప్రేరణాధికారి మునిరత్నం గారి ఫోటో, ఈ కథను పిల్లలు చదివి ఆచరించాలి అని ఆయన సందేశం. కథ చిన్నదే. సరస్సులోకి ఒక పైపు నల్లనీళ్లు వదులుతూ ఉంటుంది. గూడబాతు పక్షి రెక్కలు అంటుకుపోయి ఎగరలేక ఏడుస్తుంది. పిల్లలంతా కూడబలుక్కుని పైపు మూసేస్తారు. నీళ్లు తేటపడతాయి, గూడబాతు ఎగురుతుంది, కథ కంచికి పోతుంది.

తిప్పకుప్పంతో వచ్చిన చిక్కల్లా అక్కడ అలాంటి పైపు ఒకటి నిజంగా ఉండడం. పైనున్న రొయ్యల గుంటల మురుగు, దారిలో ప్రేరణ శాఖ వారి అతిథి గృహం నుంచి వచ్చే మురుగు కలిసి ఆ పైపులోంచి సరస్సులో పడతాయి. సరిగ్గా అక్కడే ఊరి ఆడవాళ్లు నడుంలోతు నీళ్లలో కూర్చుని, బురదలో చేతులు పెట్టి తడిమి రొయ్యలు పడతారు. వాళ్లకు పడవ లేదు, వల లేదు, ఉన్నవి రెండు చేతులు. నాలుగో తరగతి కోమలి వాళ్ల అవ్వ తిరుమలమ్మ నలభై ఏళ్లుగా అదే పని చేస్తోంది. పైపు వచ్చిన ఈ రెండేళ్లలో ఆమె అరచేతులు పగిలి, వేళ్ల సందులు పుండ్లు పడ్డాయి. కారం తగిలితే ప్రాణం పోతుందని అన్నం స్పూనుతో తింటోంది. నలభై ఏళ్లు రొయ్యలు పట్టిన మనిషి రొయ్యల పులుసును స్పూనుతో తినాల్సి రావడం ఎంత అన్యాయమో ఈ ప్రాంతం వాళ్లకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

కోమలి నాయన వెంకటముని మూడు అర్జీలు ఇచ్చాడు. మూడూ నేనే టైపు చేశాను. మూడింటికీ జవాబు ఒకటే వచ్చింది: రికార్డుల ప్రకారం సదరు స్థలమందు పైపు లేదు. మూడో జవాబు వచ్చిన రోజు అతను నా అంగడి మెట్ల మీద కూలబడి ఆ కాగితం నాకు చాపాడు.

“అబ్బా గుణా, లేని పైపులోనించి ఇన్ని నీళ్లు ఎట్ల వస్తా ఉండాయో అదన్నా రాసియ్యమని అడుగుదామా?”

అడిగితే అది నాలుగో అర్జీ అవుతుందని, మళ్లీ ఆరునెలలు పడుతుందని చెప్పాను. తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

శనివారం గ్రేసీ టీచర్ కథ చెప్పింది. ఆదివారం ఆమె చర్చిలో ఉంది. (విచారణలో ఇది ఆమెకు కొంత అక్కరకు వచ్చింది.) ఆ పొద్దున కోమలి ముందు నడవగా పదకొండు మందీ ఒడ్డుకు పోయి పైపు మూసేశారు. చేపలు పట్టేవాళ్ల పిల్లలకు నీళ్లను ఆపడం ఒకరు నేర్పాలా? పడవకు నీళ్లు కారితే పెద్దవాళ్లు ఏం చేస్తారో అదే చేశారు. పాత వల ముక్కలు, గోనెపట్టాలు కూరి, బంకమన్ను మెత్తి, మీద రాళ్లు పేర్చారు. ఇంజనీర్లు కట్టినవి చాలా చూశాను గానీ ఇంత గట్టిగా నిలిచినది చూడలేదు.

మంగళవారం అతిథి గృహంలో రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దలు జిల్లాలో ప్రేరణ శాతాలు ఎందుకు పెరగడం లేదని సమీక్ష చేస్తున్నారు. భోజన విరామంలో చేతులు కడుక్కోవడానికి పోతే, కిందికి పోవలసిన నీళ్లు పైకి వచ్చాయి. మరుగుదొడ్ల సంగతి నేను రాయను. సమీక్ష అర్ధాంతరంగా ముగిసింది. శాతాలు పెరిగాయన్న సంగతి అప్పటికి వాళ్లకు తెలియదు.

ఇక్కడే అసలు పరిపాలనా సమస్య మొదలైంది. మూసిన పైపును తెరవమని ఎవరో ఒకరు ఆర్డరు ఇవ్వాలి. ఆర్డరు ఇస్తే పైపు ఉన్నట్టు. ఉంటే, ఎవరు వేశారు, ఎవరు అనుమతించారు, మూడుసార్లు లేదని ఎవరు రాశారు? ఆరు ఆఫీసులు ఆ ఫైలును ఒకదాని నుంచి ఇంకొకదానికి పంపించుకుంటూ పోయాయి. అన్నిటికీ నేనే జిరాక్స్ తీశాను. అలా పందొమ్మిది రోజులు గడిచాయి. ఆ పందొమ్మిది రోజులూ తిప్పకుప్పం ఒడ్డున నీళ్లు తేటగా ఉన్నాయి. ప్రభుత్వం ఏమీ చేయలేకపోతే ఎంత మేలు జరుగుతుందో నేను కళ్లారా చూశాను.

ఇరవయ్యో రోజున గ్రేసీ టీచరుకు మెమో వచ్చింది. ఆరోపణలు మూడు. కథను పనిచేయునట్లు బోధించుట. ప్రేరణ తేడా పదిహేను శాతం దాటుటకు కారకురాలగుట. పెద్దయ్యాక పనిచేయవలసిన ప్రేరణను బాల్యమందే పనిచేయించుట. జవాబు టైపు చేయించుకోవడానికి ఆమె నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంటి అద్దె, పిల్ల చదువు, అన్నీ ఆ ఉద్యోగం మీదే.

“ఏమని రాయాలన్నా? కథ అబద్ధమని రాయాల్నా, పైపు అబద్ధమని రాయాల్నా?” అంది.

ఆరోజు టైపింగుకు డబ్బులు తీసుకోలేదు. అంతకు మించి నేను చేసిందేమీ లేదు.

విచారణకు మునిరత్నం గారే వచ్చారు. టైపు చేయడానికి లాప్‌టాప్‌తో సహా నన్ను వెంటబెట్టుకుపోయారు. ఆయన చెడ్డమనిషి కాదు. బీపీ ఉంది, మూడేళ్లలో రిటైరవుతారు. బడి వరండాలో కుర్చీ వేస్తే, దాన్ని ఆయనే లేచి సరస్సుకు వీపు వచ్చేలా తిప్పుకున్నారు. విచారణాధికారి చూసిన ప్రతిదీ రికార్డులోకి ఎక్కాలన్నది నియమం. అందుకని పొరపాటున కూడా చూడకూడదని జాగ్రత్త పడ్డారు.

కోమలిని పిలిచారు. నూనె రాసి గట్టిగా అల్లిన రెండు జడలు, చేతులు కట్టుకుని నిలబడింది.

“కథ సదవక ముందు నీ ప్రేరణ ఎంత శాతం ఉండె పాపా? సదివినాక ఎంతయింది?”

కోమలి గోడవార ఉన్న అవ్వ వంక చూసింది.

“శాతం నాకు తెలీదు సార్. పైపు మూసినాక మా అవ్వ చేత్తో కలుపుకొని అన్నం తినింది.”

నేను టైపు చేశాను. మునిరత్నం గారు తల తిప్పి తెరమీదికి చూసి, ప్రశ్నకు సంబంధం లేని సమాధానం, తీసేయమన్నారు. నాకు ఒళ్లు మండింది. మండితే ఏం, తీసేశాను. ఈ కథలో అందరి తప్పులూ రాస్తూ నాది దాచుకోవడం బాగుండదు.

పైపు మూశామంటున్నావు గదా, అది ఎక్కడుందని ఆయన అడిగారు. రండి సార్ చూపిస్తానని కోమలి గబుక్కున బయలుదేరింది. ఆయన వద్దు వద్దంటూ కుర్చీని రెండు చేతులా పట్టుకున్నారు.

అప్పటిదాకా గోడవార నిలబడిన తిరుమలమ్మ ముందుకు వచ్చింది. తడి కోక కట్టుకొనుంది. పుండ్లు ఎండి చేతుల మీద కొత్త చర్మం గులాబీరంగులో మెరుస్తోంది. ఆ చేతులు రెండూ ఆయన ముందు చాపింది.

“సారూ, పైపు లేదనే రాసుకోండి. మాకేం అడ్డం లేదు. మూసింది మాత్రం తియ్యబాకండి.”

మునిరత్నం గారు ఆ చేతుల వంక చూశారు. నేను చూశాను ఆయన చూడడం. గుక్కెడు నీళ్లు తాగి, పరిశీలిస్తామని చెప్పి జీపెక్కారు.

పరిశీలించారు. పన్నెండు పేజీల నివేదిక. అంత తెలివైన కాగితం నా ముప్పై ఏళ్ల అనుభవంలో టైపు చేయలేదు. దాని సారాంశం ఇది. సదరు స్థలమందు పైపు లేదు. అయితే సరస్సు ఒడ్డున పాత వల ముక్కలు, గోనెపట్టాలు, మట్టి, రాళ్లు వేసినట్లు తెలియవచ్చినది. సరస్సులో చెత్త వేయుట పర్యావరణమునకు హానికరం. కావున దానిని తక్షణం తొలగించవలెను. పైపు మాట ఎత్తకుండా పైపును తెరిచే దారి దొరికింది. ఫైలు ఆరు ఆఫీసులూ ఒక్కరోజులో తిరిగి వచ్చింది.

ఆ శుక్రవారం స్వచ్ఛ సరస్సు కార్యక్రమం పెట్టారు. బ్యానరు, టోపీలు, పచ్చగుడ్డ. (గుడ్డ మాదే.) నీళ్లు చేతికి తగలడం ప్రమాదమని అధికారులందరికీ మోచేతుల దాకా రబ్బరు తొడుగులు తెప్పించారు. ఊరివాళ్లకు చాలలేదు. పిల్లలు గట్టిగా కూరిన గోనెపట్టాలు పీకడానికి నలుగురు పట్టి లాగవలసి వచ్చింది. చివరిది ఊడిరాగానే పందొమ్మిది రోజుల నీళ్లు కాదు, నెలరోజుల నీళ్లు ఒక్కసారిగా ఎగదన్నాయి. ఫోటోలు అంతకుముందే తీసేసుకున్నారు. కోమలి ఏడ్చింది. ఆమెను గ్రేసీ టీచర్ పక్కకు తీసుకుపోయింది. టీచర్ కూడా ఏడ్చిందో లేదో నాకు తెలియదు. ఆమె మెమో అప్పటికే రద్దయింది. ఇకమీదట ప్రతి కథ చివరా, ఇందులోని పనులు పెద్దయ్యాక మాత్రమే చేయవలెను అన్న వాక్యం పిల్లల చేత మూడుసార్లు చెప్పించాలన్న షరతు మీద.

మరో చిక్కు మిగిలింది. ప్రేరణ తేడా అరవై రెండు శాతంతో తిప్పకుప్పం బడి జిల్లాలోనే మొదటి స్థానంలో ఉందని యాప్ చెబుతోంది. యాప్ చెప్పినదాన్ని కాదనే అధికారం ఎవరికీ లేదు. అందుకని కోమలికి బాల పర్యావరణ మిత్ర ప్రశంసాపత్రం మంజూరైంది. దానిమీద సంతకాలు పడి రావడానికి నెలన్నర పట్టింది.

బడి ముందర షామియానా వేశారు. మునిరత్నం గారు మంచి మాటలే చెప్పారు. ఒక కథ ఒక బిడ్డను ఎంతగా మార్చగలదో ఈ ఊరే సాక్ష్యమన్నారు. కోమలి వేదికెక్కి పత్రం అందుకుంది, ఫోటోకు నవ్వమంటే నవ్వలేదు. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముందు వరసలో తిరుమలమ్మ కూడా లేచింది. పొద్దునే నీళ్లలోంచి వచ్చినట్టుంది, చేతులు రెండూ ఎర్రగా విచ్చుకుపోయి ఉన్నాయి. ఒకదానికొకటి తగలకుండా వాటిని దూరంగా పట్టుకుని, మనవరాలి వంకే చూస్తూ నిలబడింది.

కార్యక్రమం నివేదిక మరునాడు నా దగ్గరికి వచ్చింది. హాజరైనవారు నూట పన్నెండు మంది. చప్పట్లు కొట్టినవారు నూట పదకొండు మంది. మిగిలిన ఒకరికి పర్యావరణం పట్ల ఇంకా అవగాహన కల్పించవలసి ఉన్నది.