ఈరన్న మైకులో మాట్లాడిన మేడం

ఆ రోజు పొద్దున ఈరన్న అనుకున్న పని చాలా చిన్నది. పదింటికల్లా పక్క ఊరి రైతు వేదిక హాలులో మైకు పెట్టాలి. జనం చేరేదాకా నాలుగు పాటలు వేయాలి. ఆ తర్వాత సార్లు మాట్లాడుతున్నంతసేపు బయట వరండాలో కూర్చుని లాప్‌టాప్‌లోకి ఒక యాడ్-ఆన్ దించుకోవాలి. గద్వాలలో పాతికేళ్ళుగా మైకు సెట్టు నడుపుతున్న మనిషి ఈరన్న. పోయిన నెల ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ దగ్గరికొచ్చి, "ఏందన్నా, నీ పాటలు రేకు డబ్బల రాళ్లు పోసినట్టున్నయి" అన్నాడు. ఆ పూట ఈరన్నకు అన్నం సహించలేదు. పాటల ప్లేయరుకు ఫలానా యాడ్-ఆన్ తగిలిస్తే పాత స్పీకర్లు కూడా కొత్తవాటిలా మోగుతాయని ఎవరో చెప్పగా, అప్పటినుంచీ అదే ధ్యాసలో ఉన్నాడు.

లాప్‌టాప్ కూతురు తేజస్విని ఇచ్చింది. వనపర్తిలో డిగ్రీ చదివే ఆ పిల్ల తన పాత లాప్‌టాప్‌ను పాటలకు పనికొస్తుందని తండ్రికి అప్పగిస్తూ, అందులో ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కూడా వేసి ఇచ్చింది. తండ్రికి ఇంగ్లీషు రాదు. తెర మీద ఏ బటన్ కనిపించినా నొక్కకుండా ఉండలేడు. అందుకని ప్రమాదం ఎదురైనప్పుడల్లా ఆ హెచ్చరికను తెలుగులో పైకి చదివి వినిపించేలా అమర్చింది. ఆ సంగతి తండ్రికి చెప్పడం మాత్రం మరిచిపోయింది. అప్పటిదాకా దానికి ఇంటర్నెట్ తగిలించలేదు కనుక అది నోరు విప్పిందీ లేదు.

మీటింగు పత్తి విత్తనాల రైతులది. గద్వాలకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్ళో దాదాపు ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒక కంపెనీకి విత్తనాలు పండిస్తారు. మామూలు పత్తి పంటలా కాదు అది. సాయంత్రం మొగ్గ విప్పి, తెల్లవారాక దానికి మగ పువ్వు పుప్పొడి దిద్దాలి. చేను మొత్తం, పువ్వు పువ్వుకూ, చేత్తోనే. అంత చాకిరీ చేశాక పిడికెడు గింజలు ఎక్కడో పరీక్షకు పోతాయి. అవి నెగ్గితే సరే, లేకపోతే ఆ ఏడు అంతే సంగతులు. కంపెనీకీ రైతులకూ నడుమ ఉండే ఆర్గనైజర్ పేరు మల్లికార్జున్. కంపెనీ పంపిన కొత్త అగ్రిమెంటు మీద మధ్యాహ్నంలోపు నూటముప్పై సంతకాలు పెట్టించాలన్నది ఆయన పథకం.

లోపల సెట్టు పెడితే మైకు కూత పెడుతోందని ఈరన్న తన సరంజామా అంతా వరండాలో గోడ అవతల సర్దుకున్నాడు. అతనికి వేదిక కనపడదు, వేదికకు అతను కనపడడు. పాటలు ఆపి, ఫోనులోంచి లాప్‌టాప్‌కు నెట్టు కలిపాడు. పాటల వైరు మాత్రం స్పీకర్లకు తగిలించే ఉంది.

లోపల మల్లికార్జున్ గొంతు సవరించుకున్నాడు. "కంపెనీ నుంచి కొత్త కాగితం వచ్చింది. ఎవరూ పరేషాన్ కాకుర్రి. మనల్ని నమ్మి పంపిన్రు, మనం నమ్మి సంతకం పెట్టాలె, గంతే."

సరిగ్గా అప్పుడే బయట ఈరన్న బటన్ నొక్కాడు.

"హెచ్చరిక!" అంది స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు. తొణకని, బెణకని గొంతు. "ఇది నమ్మదగిన చోటు నుంచి రాలేదు. అడ్డుకున్నాము."

హాలులో నూటముప్పై మందీ తలలెత్తి స్పీకర్ల వైపు చూశారు. మల్లికార్జున్‌కు మీటింగులన్నీ హైదరాబాద్ నుంచే గమనిస్తుంటామని కంపెనీవాళ్ళు సోమవారమే ఫోనులో చెప్పి ఉన్నారు. గమనించడమంటే ఇలాగని ఆయన అనుకోలేదు. చేతులు జోడించి స్పీకరుకు, "నమస్తే మేడం" అన్నాడు.

సారంతటి సారు దండం పెట్టేసరికి, ఆ మాట్లాడినావిడ ఎవరో చాలా పెద్ద మనిషేనని జనానికి ఖాయమైపోయింది.

బయట ఈరన్నకూ ఆ గొంతు వినిపించింది. కంపెనీ మేడం వచ్చినట్టుందనుకున్నాడు. తన మైకులో ఆ గొంతు అంత సాఫుగా పలకడం చూసి కొంచెం గర్వపడ్డాడు కూడా. తెర మీద లేచిన ఎర్ర డబ్బాను మూసేసి, మరోచోట అదే యాడ్-ఆన్ కనబడితే మళ్ళీ నొక్కాడు.

"ఇందులో పైకి కనిపించని భాగాలు ఉన్నాయి" అంది గొంతు. "పూర్తిగా పరిశీలించేవరకు అంగీకరించకండి."

ముందు వరసలోంచి కౌసల్యమ్మ లేచింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళో క్రాసింగు పని చేస్తూ, చేయిస్తూ వచ్చిన మనిషి. పుప్పొడి దిద్ది దిద్ది వేలికొసలు పసుపుపచ్చగా మారాయి. "సారూ, ఆ మేడం ఎవరో నాకు తెల్వదు. కానీ చెప్పింది సక్కగనే ఉంది. పైకి కనిపియ్యనిది ఏందో జర సదువు, ఇంటం."

"ఏం లేదు పెద్దమ్మా, అంత పోయినేటి లెక్కనే..."

"పోయినేడు గూడ సదవలే గద."

మల్లికార్జున్ స్పీకరు వైపు ఒకసారి భయంగా చూసి చదవడం మొదలుపెట్టాడు. మూడు పేజీలు చదివేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. "మిగిలినయన్నీ మామూలే" అంటూ కాగితాలు మడవబోయాడు.

"పరిశీలన పూర్తి కాలేదు" అంది గొంతు. "ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి."

యాదయ్య అనే రైతు గబగబా వేదిక ఎక్కి, సారు చేతిలోని చదవని పేజీలను వేలు తడి చేసుకుంటూ లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అతని వేలు నాలుగో పేజీ మీదే ఆగిపోయింది. "నాలుగే ఉన్నయి!" అన్నాడు గుసగుసగా. ఆ గుసగుస మైకులో పడి ఊరంతా వినిపించింది. ఒకరి తర్వాత ఒకరు హాలంతా లేచి నిలబడ్డారు. లేవమని ఎవరూ చెప్పలేదు. అన్నీ తెలిసిన ఆ గొంతు ముందు కూర్చుని ఉండటం మర్యాద కాదని అందరికీ ఒకేసారి తోచింది, అంతే.

మూడుసార్లు ఎర్ర డబ్బా చూసి విసిగిపోయిన ఈరన్న కూతురికి ఫోన్ చేశాడు. "ఏందమ్మా ఇది, ఎంత నొక్కినా దిగుతలేదు. జల్ది చెప్పు, లోపల కంపెనీ మేడం మాట్లాడుతుంది, పాటల టైం అయితది."

"ఏం మాట్లాడుతుంది నాయినా?"

"హెచ్చరిక అంటది, అడ్డుకున్నాము అంటది. ఇంకా నాలుగు మిగిలినయి అంట."

"నాయినా, నువ్వు దించేదాంట్ల ఫైళ్ళు మొత్తం ఎన్ని ఉన్నయి, చూడు."

"ఐదు."

"అది కంపెనీ మేడం కాదు నాయినా. మన లాప్‌టాపే. నువ్వు నొక్కినప్పుడల్లా అది మాట్లాడుతుంది. ఐదుల ఒకటి చూసింది, ఇంకా నాలుగు చూడాలె."

ఈరన్న ఫోను పెట్టేశాడు. పాతికేళ్ళలో ఒక్క మీటింగూ చెడగొట్టిన మనిషి కాదు. ఇక ఈ కంపెనీ తనను ఊరుకోదు, ఈ చుట్టుపక్కల ఎవరూ మైకుకు పిలవరు. వైరు పీకేశాడు. సారు కాళ్ళ మీద పడైనా సరే నిజం చెప్పేయాలని లోపలికి నడిచాడు.

సారు కుర్చీలో లేడు. రైతుల నడుమ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆరో పేజీ చదువుతున్నాడు. పందొమ్మిదో షరతు దగ్గరికొచ్చాడు. విత్తనం పరీక్షలో తప్పితే ఆ నష్టానికి రైతుదీ, ఆ రైతును చేర్పించిన ఆర్గనైజర్‌దీ పూర్తి బాధ్యత. పరీక్ష వివరాలు ఎవరికీ చూపించరు. ఆయన అది రెండుసార్లు చదివాడు. రెండోసారి తనకోసమే చదువుకున్నాడు.

"నేను పోయినవారమే సంతకం పెట్టిన" అన్నాడు మల్లికార్జున్, ఎవరికో కాదు, కాగితానికే చెప్పినట్టు. "సదవకుండనే పెట్టిన."

కౌసల్యమ్మ తన నీళ్ళ చెంబు ఆయన ముందుకు జరిపింది. "తాగు నాయినా. నువ్వూ మా లెక్కనే ఉన్నవు."

అప్పుడు ఈరన్న నోరు తెరిచాడు. మేడం ఎవరూ లేరనీ, అది తన లాప్‌టాప్ అనీ, పాటల ప్లేయరుకు యాడ్-ఆన్ దించబోతే అడ్డుపడి అరిచిందనీ, తనను క్షమించమనీ ఒక్క గుక్కలో చెప్పాడు.

జనం జాలిగా విన్నారు. "పాటల సంగతైతే నాలుగు పేజీలు మిగిలినయని దానికెట్ల తెలుస్తది?" అన్నాడు యాదయ్య. ఈరన్న ఐదు ఫైళ్ళ లెక్క చెప్పబోయాడు గానీ, ఆ మాట అతనికే అబద్ధంలా వినిపించింది.

"దాని ముచ్చట ఇడువు" అంది కౌసల్యమ్మ. "అది పాటలకు మొత్తుకుందో, మా కోసం మొత్తుకుందో. సదివింది మనమే గద. ఇప్పుడు సంతకం పెట్టాల్నా, వద్దా అదీ మనమే చెప్పాలె."

ఆ మధ్యాహ్నం నూటముప్పై మందిలో ఒక్కరూ సంతకం పెట్టలేదు. మొదటి వేలిముద్ర మల్లికార్జున్ కంపెనీకి రాసిన అర్జీ మీద కౌసల్యమ్మదే పడింది. పందొమ్మిదో షరతు తీసేయాలనీ, పరీక్ష కాగితం రైతు చేతికివ్వాలనీ అందులో రాశారు. వరండాలోకి తిరిగొచ్చిన ఈరన్న లాప్‌టాప్ ఎదుట కూర్చుని వైర్లు చుట్టుకున్నాడు. కూతురు చెప్పింది నిజమేనని అతనికి తెలుసు. అయినా మూత వేసేటప్పుడు చప్పుడు కాకుండా మెల్లగా వేశాడు.

విత్తనాలు వేసే అదను దాటిపోతుందని కంపెనీకీ భయమే. పన్నెండో రోజున కొత్త అగ్రిమెంటు వచ్చింది. ఈసారి మల్లికార్జున్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వినిపించాడు. పరీక్ష కాగితం రైతుకిస్తామని ఉంది. నష్టం బాధ్యత తీసేశారు. పందొమ్మిదో నంబరు ఖాళీగా వదలడం ఇష్టం లేదేమో, అక్కడ కొత్త షరతు ఒకటి పెట్టారు: ఇకమీదట రైతుల సమావేశాలకు మైకు సెట్టు కంపెనీయే తెచ్చుకుంటుంది.

రైతులు దానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.