కళ్ళులేనివాళ్ళకు కిరసనాయిలెందుకు?

కళ్ళు కనిపించని మనిషికి కిరసనాయిలు పోయడం కంటే దుబారా ఇంకేమైనా ఉందా? మీరే చెప్పండి!

బర్మా జపానువాళ్ళ చేతికి చిక్కినప్పటి నుంచి కిరసనాయిలు కంటికి కనిపించడమే గగనమైంది. మా సేలం జిల్లా ధర్మపురిలో రేషన్ కడలో, అదే దుకాణంలో, ఇంటికొక సీసా చొప్పున పోస్తూ వచ్చారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవాళ్ళు కాదు. సీసా చాపితే పోసేవాళ్ళు. అవసరం చూడకుండా అందరికీ ఒకటే కొలతా? ఇదీ ఒక పరిపాలనేనా?

ఈ లోపాన్ని సరిదిద్దడానికే సప్లై ఇన్‌స్పెక్టర్ కుప్పుసామిగారు మా ఊరికి బదిలీ అయి వచ్చారు. కడ ముందు కుర్చీ వేయించుకుని, వరుసలో నిలబడ్డ ప్రతి మనిషినీ దీపంతో నీకేం పని అని విచారించడం మొదలుపెట్టారు.

మొదటి దెబ్బ నాగవేణమ్మకు తగిలింది. ఆమె చెట్టికరై దారిలో ఒంటరిగా ఉంటుంది. రెండు ఎనుములను పెట్టుకుని పాలు అమ్ముకుంటుంది. చిన్నతనంలో అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. ఇన్‌స్పెక్టర్‌గారు ఆమె ముఖం ముందు చెయ్యి ఆడించి చూసి, గుడ్డిదానికి దీపమెందుకని ఖాళీ సీసా తిరిగి ఇప్పించేశారు. ఆమె ఏదో చెప్పబోయింది. విచారణకు తానే ఇంటికి వస్తానని, ముందు వరుస కదలాలని ఆయన అన్నారు.

తరువాత ఆ వివేకం ఊరంతా పాకింది. ఈశ్వరప్ప పొద్దుగూకితే నిద్రపోతాడు కనుక అతనికి సగం సీసా. తిమ్మమ్మ రాగులు చీకట్లోనైనా విసురుకోగలదు కనుక ఆమెకూ సగమే. కొత్తగా పెళ్ళయిన జంటకు దీపం ఆర్పుకోవడమే తప్ప వేరే పనిలేదని అసలుకే లేదు!

నాకు ఒళ్ళు పులకరించింది. ఈ పద్ధతి దేశమంతటా రావాలి! కుంటివాడికి రోడ్డెందుకు? చెవిటివాడి ఇంటికి తపాలా బంట్రోతు వచ్చి కేక వేయడమెందుకు? జబ్బుపడినవాడికి రేషన్ బియ్యమెందుకు, ఎలాగూ అరగదు కదా! ఈ లెక్కన మిగిలే సరుకుతో ఇంకో యుద్ధం చేయవచ్చు.

ఇన్‌స్పెక్టర్‌గారు మాట తప్పే మనిషి కారు. ఒక సాయంత్రం మసక పడుతుండగా విచారణకు బయలుదేరారు. టార్చిలైటు ఉంది కానీ అందులో వేయడానికి బ్యాటరీలు ఊళ్ళో దొరకడం లేదు. నాగవేణమ్మ వాకిట్లో అడుగుపెట్టేసరికి బాగా చీకటిపడింది. రెండో అడుగు కుడితి తొట్టిలో పడింది. లేవబోతే కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. అద్దాల కోసం తడుముతుంటే చేతికి ఎనుము తోక దొరికింది.

కేక విని నాగవేణమ్మ బయటికి వచ్చింది. కదలకుండా ఉండమని, ఆ ఎనుము కొత్తవాళ్ళను తంతుందని చెప్పి, పట్టపగలు నడిచినట్టు నేరుగా వచ్చి చెయ్యి పట్టుకుంది. అరుగు మీద కూర్చోబెట్టింది. కాళ్ళకు నీళ్ళు పోసింది. అద్దాలు వెదికి చేతికిచ్చింది. మజ్జిగ ఇచ్చింది.

మజ్జిగ తాగాక ఇన్‌స్పెక్టర్‌గారికి కోపం వచ్చింది. తాను ఎవరో, ఎందుకు వచ్చారో మరచిపోయి, మనుషులు తిరిగే ఇంట్లో ఒక దీపమైనా పెట్టకూడదా అని తమిళంలో గద్దించారు.

"పెట్టేదాన్నే సామీ," అన్నది నాగవేణమ్మ. "మీరే కదా నిలిపినారు. దీపము నాకోసరము కాదు. కండ్లుండేవోళ్ళు పాలకు వస్తారే, వాళ్ళు పడకుండా ఉండేదానికి."

ఆయన లేచారట. వీధి దాకా ఆమె కొంగు పట్టుకుని నడిచి వెళ్ళిపోయారట. ఇది ఎదురింటి తిమ్మమ్మ చెప్పింది. మరునాటికి ఊరంతా చెప్పింది.

ఆ తరువాతి రేషన్ రోజున ఇన్‌స్పెక్టర్‌గారు నాగవేణమ్మను అందరికంటే ముందు పిలిచారు. ఆమెకు అంధుల కోటా కింద ప్రత్యేకంగా సీసా మంజూరు చేస్తున్నానని గంభీరంగా ప్రకటించారు. ఏడాదికొకసారి సేలం ఆస్పత్రికి పోయి, ఇంకా గుడ్డిదేనని డాక్టరు చేత చెప్పించుకు వస్తే చాలు. ఇంత దయ ఎక్కడైనా చూశారా?

నాగవేణమ్మ సీసా చాపలేదు.

"ప్రత్యేకము వద్దు సామీ. గుడ్డిదని ఈయద్దండి, గుడ్డిదని నిలపద్దండి. ఊళ్ళో అందరికీ పోసినట్ల నాకూ పొయ్యండి."

అని వరుసకు అడ్డంగా నిలబడిపోయింది. ఆమె వెనక తిమ్మమ్మ సీసా కింద పెట్టి కూర్చుంది. ఆమె వెనక ఈశ్వరప్ప. కొత్త పెళ్ళికొడుకు సిగ్గుపడుతూనే కూర్చున్నాడు. కడ నడిపే నాగరాజప్ప బేరం లేక, ఆవలిస్తూ ఇన్‌స్పెక్టర్‌గారి వైపు చూశాడు. ఎండ ఎక్కింది. కుర్చీ ఉన్న చోట నీడ లేదు.

చివరికి ఆయన, పోయండి, ఆమెకూ అందరికీ అదే కొలత పోయండి, అన్నారు. ఒక మహా సిద్ధాంతం నా కళ్ళ ముందే కూలిపోయింది!

ఓడిపోయిన మనిషి ఎవరో ఒకరి మీద గెలవాలి కదా. నా వంతు వచ్చింది. దీపంతో నీకేం పని అని ఆయన నన్ను అడిగారు. తెలుగు పత్రికకు వ్యాసాలు రాస్తానని గర్వంగా చెప్పాను.

"ఈ ఊళ్ళో తెలుగు చదివేవాళ్ళెవరు?" అన్నారు.

తలతిప్పి వరుస వైపు చూశాను. అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. నాగరాజప్ప గరాటా తీసి పక్కన పెట్టబోయాడు.

నిండిన సీసా చంకన పెట్టుకుని వెళ్ళిపోతున్న నాగవేణమ్మ ఆగింది. "ఆయనకూ పొయ్యండి సామీ. ఎందుకని అడగద్దండి," అన్నది.

నాగరాజప్ప పోశాడు. అందరికీ పోసినంతే పోశాడు.